బుజ్జి నోట్లో మా అత్తగారి పళ్ళు

కొత్త కోడళ్ళు నానా తప్పులూ చేస్తారు. పాలు పొంగబెట్టేస్తారు, పులుసులో ఉప్పు రెండుసార్లు వేస్తారు, మామగారు ఎదురొస్తే కంగారులో గుమ్మానికి తల కొట్టుకుంటారు. ఇలాంటివాటికి అన్ని ఇళ్ళలోనూ క్షమాపణ ఉంది. నేను చేసిన ఘనకార్యానికి మాత్రం ఉభయ గోదావరి జిల్లాల్లో మరో జత దొరకదు. కాపురానికొచ్చి ఏడాది తిరక్కుండా, మా అత్తగారి పళ్ళు తీసుకెళ్ళి గేదెకి మేత వేశాను. అప్పుడే నవ్వకండి, ఇంకా చాలా ఉంది.

మా పుట్టిల్లు నరసాపురం. మా వీధిలో ఆడపిల్ల పలక పట్టకముందే లేసు సూది పట్టేది. నేనూ అంతే. అరుగు మీద కూర్చుని ముచ్చట్లు చెప్పుకుంటూ లేసు అల్లడం తప్ప, పశువుల సంగతి గానీ పొలం సంగతి గానీ నాకు తెలియదు. డెబ్భైల చివర్లో నన్ను కోరుకొండ దగ్గర ఓ పల్లెటూళ్ళో వ్యవసాయం ఇంటికి ఇచ్చారు. పెద్ద లోగిలి, వెనకాల దొడ్డి, దొడ్డిలో పశువుల పాక, పాకలో బుజ్జి. బుజ్జి అంటే చిన్నదనుకునేరు. పేరు పెట్టినప్పుడు అది దూడట. నేను వెళ్ళేసరికి పాకలో సగం అదే ఉండేది.

మా అత్తగారి పేరు సత్యవతమ్మ. మంచి మాటకారి. ఆవిడ దొడ్లో నిలబడి కేకేస్తే పొలంలో ఉన్న పాలేరు అక్కడినించే "ఆయ్, వస్తన్నానండీ" అనేవాడట. "అట" అని ఎందుకంటున్నానంటే, నేను వెళ్ళేసరికి ఆ వైభవం పోయింది. అంతకు ముందు ఓ రోజు బుజ్జికి కుడితి పెట్టి వంగి ఉండగా, ఈగ వాలిందని అది తల విసిరింది. దాంతో అత్తగారి పై వరస ముందు పళ్ళు మూడు ఊడిపోయాయి. అప్పటినించీ ఆవిడ నోటికి పమిట చెంగు అడ్డం పెట్టుకునే మాట్లాడేవారు. తిట్లలో పదును పోయింది. "దొంగ వెధవా" అన్నా గాలే ఎక్కువ వచ్చేది, పాలేరు మొహం అటు తిప్పుకుని నవ్వు ఆపుకునేవాడు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళడం మానేశారు. అన్నిటికన్నా అన్యాయం, నవ్వడమే మానేశారు.

ఇంతలో మా మామగారి షష్టిపూర్తి వచ్చింది. ఓ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు చెంగు అడ్డం పెట్టుకునే అన్నారు.

"ఏవండీ, మన పెళ్ళికి ఫొటో లేదు."

"ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గిపోతుందని మీ తాతగారే కదటే కెమెరా ఆయన్ని తరిమేశారు!"

"ఆయన తరిమారు, సరే. ఈసారి నేను పళ్ళు కనబడేలా నవ్వుతూ మీ పక్కన ఫొటో తీయించుకుంటాను."

"బానే ఉంది. పళ్ళేవీ?"

"కట్టించండి," అన్నారు ఆవిడ.

అలా నన్ను తోడిచ్చి రాజమండ్రి బస్సెక్కించారు. ఓ మందుల కొట్టు మేడ మీద పళ్ళ డాక్టరు ఉండేవాడు. కుర్రాడు, చాలా ఓపిక గలవాడు. ఆవిడ నోట్లో గులాబీ రంగు ముద్ద ఒకటి పెట్టి, "అమ్మా, ఇది గట్టిపడేదాకా కదలకూడదు, మాట్లాడకూడదండి," అన్నాడు. మా అత్తగారు మాట్లాడకుండా ఉండడం! నిద్రలో కూడా ఆవిడ ఎవరో ఒకరికి పని పురమాయిస్తూనే ఉండేవారు. కళ్ళు పెద్దవి చేసి, కిటికీ వైపు చెయ్యి చూపిస్తూ, నాకేదో సైగలు మొదలుపెట్టారు. ఊపిరి ఆడట్లేదేమోనని నేను హడలిపోయి డాక్టరు చెయ్యి పట్టుకు లాగాను. ఆయనా కంగారుపడి ముద్ద బయటికి తీసేశాడు. తియ్యగానే ఆవిడ అన్న మొదటి మాట ఇది.

"కింద బండి మీద గోంగూర లేతగా ఉందే. వాడు వెళ్ళిపోతున్నాడు, పరిగెత్తు!"

పాపం డాక్టరు మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు. తరవాత రంగు దగ్గర పేచీ. ఆయన పళ్ళ నమూనాలు తెచ్చి ఆవిడ పళ్ళ పక్కన పెట్టి చూస్తున్నాడు.

"ఇదిగో, ఈ మల్లెపువ్వులా ఉన్నది వెయ్యి బాబూ."

"అలా కాదమ్మా, పక్క పళ్ళకి కలవాలి కదండీ. మీవి కాస్త పసుపుగా ఉన్నాయి."

"పసుపు నేను మొహానికి రాసుకుంటాను గానీ పళ్ళకి కాదు నాయనా."

చివరికి ఆయన మాటే నెగ్గింది. ఆ తరవాతి వారం వెళితే సెట్టు తయారుగా ఉంది. గులాబీ రంగు చిగురుకి మూడు పళ్ళు, అటూ ఇటూ ఉన్న సొంత పళ్ళని పట్టుకునేందుకు రెండు తీగ కొక్కేలు. అది పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు. నోరు మూసి, మళ్ళీ తెరిచి చూసుకున్నారు. ఆవిడ కళ్ళు నిండాయి. "నేనేనే," అన్నారు నాతో మెల్లిగా. నాకూ ఏడుపొచ్చింది.

డాక్టరు రెండు జాగ్రత్తలు చెప్పాడు. "కొత్తలో గట్టి వస్తువులు తినేటప్పుడు తీసెయ్యండి. తీస్తే నీళ్ళ గ్లాసులోనే వెయ్యండి, ఎక్కడ పడితే అక్కడ పెట్టకండి." మొదటిది ఆవిడ విన్నారు. రెండోది చెప్పే సమయానికి మళ్ళీ అద్దం చూసుకుంటున్నారు.

దారంతా ఆవిడ కండక్టరు వైపు చూసి నవ్వుతూనే ఉన్నారు. ఆయన బెదిరిపోయి చిల్లర ముందే ఇచ్చేశాడు. ఇంటికి రాగానే దొడ్లోకి వెళ్ళి పాలేరుని ఓ తిట్టు తిట్టారు. ఎంత స్పష్టంగా, ఎంత గట్టిగా! వాడు తిట్టు తిని కూడా మురిసిపోయి, "అమ్మగారికి పళ్ళొచ్చేశాయండోయ్!" అని వీధంతా చెప్పొచ్చాడు.

షష్టిపూర్తి రోజు వచ్చింది. తలంట్లు, హోమం, మళ్ళీ మంగళసూత్రం కట్టడం, అన్నీ దివ్యంగా జరిగాయి. పొద్దుటినించీ మా అత్తగారు ఎవరు కనబడితే వాళ్ళని చూసి నవ్వడమే పని. వచ్చిన చుట్టాలందరూ ఆ పళ్ళు చూశారు, మెచ్చుకున్నారు. ఒకావిడైతే ముట్టుకుని కూడా చూసింది. ఫొటో మాత్రం ఎండ తగ్గాక, భోజనాలయ్యాక, దొడ్డి వైపు తీద్దామని రాజమండ్రి స్టూడియో ఆయన కబురు పంపాడు.

ఇక్కడ నా గొడవ కాస్త చెప్పాలి. ఆ పొద్దున్న వంటల దగ్గర మా పినత్తగారు ఒకావిడ ఇంకొకావిడతో అంటుంటే విన్నాను. "కొత్త కోడలా? లేసు అల్లుకోవడం తప్ప పనేం రాదట." నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో సాయంత్రంలోగా మంచి పేరు తెచ్చుకోకపోతే నా పేరు సరోజే కాదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆడవాళ్ళది చివరి బంతి. మా అత్తగారు గోడవార కూర్చున్నారు. గారెలు కాస్త గట్టిగా వేగాయి. ఆవిడ చుట్టూ చూసి, చెంగు చాటున పళ్ళు తీసి, అరిటాకు అంచు మడిచి అందులో దోపి, పైన ఓ ఆకు ముక్క కప్పారు. నేను బంతికి అటు చివర పెరుగు వడ్డిస్తున్నాను. ఇదేమీ నా కంటపడలేదు. ఆవిడ తినడం పూర్తవుతూండగా వీధి గుమ్మంలోంచి మామగారి కేక వినబడింది.

"ఏమే! పురోహితుడు గారు బస్సుకి వెళ్ళిపోతున్నారు, తాంబూలం పళ్ళెం ఎక్కడా?"

ఆ పళ్ళెం ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేశారు. చెయ్యి కడుక్కుని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, ఇప్పుడే వచ్చేస్తానన్నట్టు గబగబా వెళ్ళారు. అందరూ లేచారు. ఎదురుగా వరసగా ఎంగిలి విస్తళ్ళు. నాకు అవి విస్తళ్ళలా కనబడలేదు, మంచి పేరు పరిచిపెట్టినట్టు కనబడ్డాయి. చెంగు నడుముకి బిగించాను.

"అయ్యో, నువ్వెందుకమ్మా? కొత్త కోడలివి!" అంది పినత్తగారు.

"ఫరవాలేదండీ, నాకు అలవాటేనండీ," అన్నాను. అబద్ధం.

అన్ని విస్తళ్ళూ మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి, గుండెలకి హత్తుకుని దొడ్లోకి మోసుకెళ్ళాను. అరిటాకులు పశువులకే వెయ్యాలని అప్పటికి నేర్చుకున్నాను. నేర్చుకున్నది అదొక్కటే కదా, శ్రద్ధగా చేశాను. అన్నీ బుజ్జి మేత మేసే గాడిలో పడేసి, "తినవే అమ్మా, ఇవాళ విందు," అని దాని వీపు కూడా నిమిరాను. వచ్చి నేలంతా తుడిచి శుద్ధి చేశాను. పినత్తగారి వైపు ఓ చూపు చూశాను.

అత్తగారు తిరిగొచ్చారు. తను కూర్చున్న చోటు దగ్గర నిలబడి తడి నేల చూశారు, నన్ను చూశారు.

"అమ్మాయ్, ఇక్కడ నా విస్తరి?"

"నేనే ఎత్తేశానండీ అత్తయ్యగారూ!"

"ఎక్కడ వేశావు?"

"బుజ్జికండీ!" అన్నాను, బహుమతి ఇస్తారేమో అన్నట్టు నిలబడి.

ఆవిడ నోటి మీంచి చెంగు తీశారు. పైన ముందు పళ్ళు లేవు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇద్దరం దొడ్లోకి పరిగెత్తాం. బుజ్జి కళ్ళు అరమోడ్చి, దవడలు అటూ ఇటూ ఆడిస్తూ, తీరిగ్గా నములుతోంది. గాడిలో సగం ఆకులు అప్పుడే అయిపోయాయి.

"ముకుతాడు పట్టుకో!" అన్నారు అత్తగారు.

"పట్టుకున్నానండీ!"

"నోట్లో చూడు!"

"ఎలా చూడనండీ? అది తెరవట్లేదండీ!"

"మర్యాదగా అడిగితే తెరుస్తుందా ఏంటే? చెయ్యి పెట్టు!"

పెట్టాను. మోచేతి దాకా పెట్టినట్టనిపించింది. బుజ్జి నాలుకతో నా గాజులన్నీ ఒకసారి నాకి, వేడిగా మొహం మీద ఊపిరి వదిలింది. పళ్ళు తగల్లేదు, దాని దవడ పళ్ళు తప్ప. ఇంతలో లోపల్నించి మా ఆడపడుచు పద్మ కేక.

"అమ్మా! ఫొటో ఆయన వచ్చేశాడే!"

నేను గాడి పక్కనే కూలబడి ఏడుపు లంకించుకున్నాను. "మీ ఫొటో పాడు చేశానండీ అత్తయ్యగారూ. మీరు ఎన్నాళ్ళనించో అనుకుంటున్నారు. నన్ను నరసాపురం పంపించెయ్యండీ."

కొత్త పళ్ళతో పాలేరుకి పడ్డ తిట్లు నాకు గుర్తున్నాయి. నాకు అంతకు పదింతలు పడతాయని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఏమీ పడలేదు. కళ్ళు తెరిస్తే ఆవిడ తన చెంగుతో నా చెయ్యి తుడుస్తున్నారు.

"ఏడవకు. కాటుక కారిందంటే ఫొటోలో నువ్వేదో, బుజ్జేదో తెలియదు."

"అందరూ అడుగుతారు కదండీ, పళ్ళేవని?"

"పొద్దున్న స్నానానికెళితే గోదావరిలో పడిపోయాయని చెబుతాను. నువ్వు నోరు విప్పకు. కొత్తగా వచ్చిన పిల్లవి, ఇది చుట్టాల నోట్లో పడిందంటే నీకు ముసలితనం వచ్చేదాకా చెప్పుకు నవ్వుతారు. నా పళ్ళు పోతే పోయాయి, నీ పేరు పోకూడదు."

ఆ కంగారులో నాకు ఆ మాటలో ఏ లోపమూ కనబడలేదు. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఎన్నాళ్ళో ఎదురుచూసిన నవ్వుని ఆవిడ నా కోసం అంత తేలిగ్గా వదిలేసుకున్నారు.

దొడ్లో కుర్చీలు వేశారు. అత్తగారూ మామగారూ కూర్చున్నారు, మేమంతా వెనకాల నిలబడ్డాం. ఎదురుగా కెమెరా, కెమెరా వెనకాల పాక.

"అమ్మగారూ, కాస్త నవ్వండి!"

అత్తగారు పెదాలు బిగించారు. మామగారు వంగి చూశారు.

"పళ్ళేవే?"

"పొద్దున్న గోదావరిలో పడిపోయాయండి."

మామగారు ఆవిడ వైపు చూశారు. మెల్లిగా వెనక్కి తిరిగి నా వైపు చూశారు. చెంపల మీద కాటుక, మోచేతికి ఆకు పీలికలు. అంతసేపూ వెలిగిపోతున్న ఆయన మొహం ఓ క్షణం వాడింది. తరవాత, "గోదారి తల్లికి అంత అవసరం వచ్చిందన్నమాట. సరేలే. కానీవయ్యా ఫొటో!" అన్నారు.

"నవ్వండమ్మా, కాస్త! బాధగా పడుతోందండీ!"

సరిగ్గా అప్పుడు కెమెరా వెనకాల బుజ్జి మెడ చాచి, తల ఆకాశానికెత్తి, పై పెదవి మడిచింది. గేదెలు అప్పుడప్పుడు అలా చేస్తాయి. చేస్తే పై చిగురు మొత్తం కనబడుతుంది. గేదెకి పైన ముందు పళ్ళుండవు, మీరెప్పుడైనా చూశారో లేదో. బోసి చిగురుతో అది మా అందరి వైపూ తిరిగి పళ్ళికిలించినట్టు, కాదు, పళ్ళు లేకుండానే ఇకిలించినట్టు నిలబడింది.

"ఏవండీ, చూడండి!" అన్నారు అత్తగారు. "దానికీ పైన లేవు! అందుకే కాబోలు..." అని ఠక్కున ఆపేశారు. ఆపింది మాటనే, నవ్వుని ఆపలేకపోయారు. చెంగు జారిపోయింది. నోరంతా తెరిచి, తల వెనక్కి వాల్చి, మామగారి భుజం పట్టుకుని నవ్వారు. ఆయనా నవ్వారు. కెమెరా ఆయన నొక్కేశాడు.

పొద్దువాలకముందే చుట్టాలు వెళ్ళిపోయారు. నేను గాడిలో ఆకులన్నీ ఒక్కొక్కటీ దులిపాను. అట్టడుగు ఆకు మడతలో, తడి తడిగా, ఓ కొక్కెం వంగి, మూడు పళ్ళూ నన్ను చూసి నవ్వుతున్నాయి. పరిగెత్తుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడకి కొత్త బెంగ పట్టుకుంది.

"ఇప్పుడిది గేదె ఎంగిలి కదే?"

"పసుపు నీళ్ళతో కడుగుతానండి."

"ఆవు నోరయితే పుణ్యం. గేదె నోటికి శాస్త్రంలో ఏముందో, పురోహితుడు గారు కూడా బస్సెక్కేశారు!" కాసేపు ఆలోచించారు. "పోనీలే. రోజూ దాని పాలు తాగడం లేదూ? కడుగు."

మర్నాడు కొక్కెం బాగుచేయించడానికి మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన సెట్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదెలా వంగిందమ్మా?"

"గోదావరిలో పడింది బాబూ."

"మరి ఈ కొక్కెంలో అరిటాకు పీచు ఇరుక్కుందేంటండీ?"

"గోదావరిలో ఆకులు కొట్టుకురావా ఏంటి?" అన్నారు అత్తగారు. ఎదుటివాళ్ళు ఇంకో ప్రశ్న వెయ్యలేని గొంతు అది.

తరవాత ఆవిడ నన్ను చాలాసార్లు తిట్టారు. పులుసు మాడ్చినందుకు, ముగ్గు వంకర పెట్టినందుకు, ఊరికే ఏడ్చినందుకు. పళ్ళ మాట మాత్రం ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఒక్కసారీ ఎత్తలేదు. అది మా ఇద్దరి మధ్యే ఉన్న రహస్యమని నేను ప్రాణంలా దాచుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు నా వంతు వచ్చింది. నాకూ పైన ముందు పళ్ళు మూడు ఊడాయి. నావి వయసుకి ఊడాయి, బుజ్జి మనవరాళ్ళ పాపమేం లేదు. రాజమండ్రిలోనే కట్టించుకున్నాను. ఆ సాయంత్రం మా పద్మ చూడ్డానికొచ్చింది. నన్ను నవ్వమంది, నవ్వాను. గోడ మీద ఆ పాత ఫొటో వైపు చూసి, "బాగున్నాయి వదినా. భోజనాల దగ్గర జాగ్రత్త. మీ దొడ్లో ఇప్పుడు గేదె లేదులే," అంది.

"గేదె ఏంటే?"

"నువ్వు బుజ్జి నోట్లో చెయ్యి పెట్టి ఏడవడం కిటికీలోంచి నేను చూడలేదనుకున్నావా?"

"మరి నలుగురికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పాలి? అందరికీ తెలుసు. నాన్నకీ తెలుసు, అన్నయ్యకీ తెలుసు, పిన్నికీ తెలుసు. పొద్దున్న గోదావరిలో పడ్డ పళ్ళు మధ్యాహ్నం గారె తినేదాకా అమ్మ నోట్లో ఎలా ఉన్నాయి వదినా? అసలు ఆ రోజు అమ్మ గుమ్మం దాటితే కదా! తలంటు నూతి దగ్గరే పోసుకుంది. గోదావరి ఎక్కడ, మన ఊరెక్కడ!"

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ ఒక్క మాట అనలేదేం?"

"అమ్మ గోదావరి అంది. గోదావరే అనుకున్నాం," అంది పద్మ, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

నేను ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాను. ఓ ఇంటెడు మంది, ఆఖరికి నాకు పనేం రాదన్న ఆ పినత్తగారితో సహా, ఇరవై ఏళ్ళు నిండని ఓ పిల్ల చిన్నబోకూడదని ఇన్నేళ్ళు నవ్వు ఆపుకున్నారు. వాళ్ళ ఋణం నేను తీర్చుకోలేను. ఫొటోలో అత్తగారు మాత్రం ఏమీ ఆపుకోకుండా, బోసి నోటితో, హాయిగా నవ్వుతూనే ఉన్నారు. పళ్ళున్నా అంత బాగుండేది కాదు.

కాబట్టి, గోదావరి తల్లి సాక్షిగా, బుజ్జి ఆత్మ సాక్షిగా, నోట్లో ఉన్న ఈ మూడు పళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట అంచు ఎత్తి చూడకుండా ఎవరి విస్తరీ ఎత్తను. గారె ఎంత గట్టిగా ఉన్నా బంతిలో పళ్ళు తియ్యను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని తీసి, వాటిని మా కోడలు తీసుకెళ్ళి ఎక్కడ పారేసినా సరే, అవి పొద్దున్న స్నానానికెళితే గోదావరిలో పడిపోయాయనే చెబుతాను. ఆ రోజు నేను గుమ్మం దాటకపోయినా సరే.